వెనక్కి వెళ్లే యంత్రం

పోర్టులో షిఫ్టు దిగగానే నీలకంఠం గాజువాక అద్దె పుస్తకాల షాపుకి వచ్చేవాడు. వేరే గ్రహాలు, మాయాద్వీపాల నవలలే తీసుకుని, వేలు తడిచేసుకుంటూ, పెదాలు కదుపుతూ బస్సులోనే చదివేవాడు. చివరిపేజీలో అందరూ "సూపర్", "బోరు" అని రాసేవారు. అతను ఏనాడూ పెన్సిల్ పెట్టలేదు. కాలంలో వెనక్కి వెళ్లే యంత్రం నవలని మాత్రం నాలుగుసార్లు తీసుకెళ్లాడు. నాలుగోసారి తిరిగిచ్చినప్పుడు షాపు శ్రీరామ్మూర్తి తెరిచి చూస్తే, హీరో రాజుల కాలానికి వెళ్లిన సంవత్సరం కొట్టేసి ఉంది. పక్కనే, "ఆషాఢం, మంగళవారం, డూటీకెల్లకముందు" అని వంకర అక్షరాలు. ఆ మంగళవారమే, ఉత్త జ్వరమే కదా అని కూతుర్ని వదిలి షిఫ్టుకి వెళ్లాడు నీలకంఠం. తిరిగొచ్చేసరికి పిల్ల లేదు.

"పుస్తకం పాడుసేసీసేవేటి బావా?" అన్నాడు శ్రీరామ్మూర్తి, ఇంకేమనాలో తెలీక.

"అలాటి మిసను దొరికితే ఆ హీరో రాజుల్ని సూడ్డానికెల్తాడేటి బావా? ఆడింట్లో ఎవులూ సచ్చిపోనేదేటి?"