డయానా పిల్లలకు తోకలొచ్చాయి

మా పక్కింటి ప్రసాదరావు అంకుల్ మాదాపూర్‌లో కంప్యూటర్ల ఆఫీసులో పనిచేస్తారు. ఆయన డాబర్‌మన్ కుక్క డయానాకు జానెడు తోక కూడా లేదు. దాని చుట్టూ తిరుగుతోందని మా వీధికుక్క టామీని నాలుగు నెలల కిందట మున్సిపాలిటీ బండికి పట్టించారు. టామీ అరిచిన అరుపు నేను మరిచిపోలేదు.

ఈ సాయంత్రం ఆయనే రెండు కుక్కపిల్లల్ని బుట్టలో పెట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చారు.

"చూడమ్మా, మీ టామీ నిర్వాకం! తోకలేని తల్లికి తోకలున్న పిల్లలేంటి? రాలిపోతాయేమోనని ఇన్నాళ్ళూ ఆగాను. డాబర్‌మన్ పిల్లలని చెప్పుకుని ఆఫీసులో నా పరువు పోయిందండీ!" అని నాతోనూ, మా అమ్మతోనూ మొరపెట్టుకున్నారు.

నల్లటి ఒళ్ళు, కళ్ళపైన గోధుమరంగు చుక్కలు, రెండూ అచ్చం డయానాలాగే ఉన్నాయి, టామీ పోలిక ఒక్కటీ లేదు. డయానా తోకను పసితనంలోనే ఎవరో కోసి ఉంటారు. కోసిన తోక ఆర్జిత లక్షణం, అంటే పుట్టాక వచ్చింది, అది పిల్లలకు రాదని మొన్ననే మా జువాలజీ మేడమ్ చెప్పారు. ఆ మాట ఎంత బాగుందో! నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మా టామీ పిల్లలే అంకుల్, తోకలు చూస్తే తెలుస్తలేదా? ఇటియ్యుండ్రి, మేమే సాదుకుంటం."

"తీసుకో తల్లీ, పీడా పోతుంది!"

ఇప్పుడవి నా పక్కలో తోకలూపుతున్నాయి. టామీని ఆయనే వెతికి తెచ్చిన రోజు ఆయనకు ఆ పాఠం చెబుతాను. అంతకుముందే చెప్పేంత దయ మీలో ఎవరికైనా ఉందా?