తమేనంటే అన్నమనుకున్నాను

ఆ రోజుల్లో సముద్రం దాటి పోయినవాళ్ళంతా ధైర్యవంతులని ఇప్పటివాళ్ళు అనుకుంటారు గానీ, నేను మద్రాసులో ఓడ ఎక్కింది మొదలు రంగూనులో దిగేదాకా కళ్ళు తెరిస్తే ఒట్టు. కదిరి నరసింహస్వామే చెయ్యి పట్టుకుని దింపినాడు. పెళ్ళయిన కొత్త. మా ఆయన అప్పటికే అక్కడ ఒక ఇరుకు గదిలో ధర్మవరం పట్టుచీరల అంగడి పెట్టుకున్నాడు. ముందర అంగడి, వెనక పొయ్యి, నడుమ ఒక తెర. "బర్మావోళ్ళు చీర కడతారా అప్పా, యాల పోతాండావు?" అని మా మామ నవ్వినా వినకుండా వచ్చిన మనిషి. తీరా మామ మాటే నిజమయ్యేట్టు ఉండింది. బర్మా ఆడవాళ్ళు వచ్చి, అంచు తడిమి, ముచ్చటపడి, వెళ్ళిపోయేవాళ్ళు. "వచ్చే ఓడకు ఊరికి పోదాం లే" అన్నాడొక పొద్దున, నా వైపు చూడకుండా. ఓడిపోయి ఇంటికి పోతే మామ ఒక్క మాటా అనడు. ఆ అనకపోవడాన్నే ఈయన తట్టుకోలేడని నాకు తెలుసు.

నాకొచ్చిన బర్మా మాట ఒకటే, తమిన్ అంటే అన్నం. (ఆ ఒక్క మాట తెలిస్తే ఏ దేశంలోనైనా బతకొచ్చని మా అవ్వ అనేది. అవ్వ పెనుకొండ దాటి ఎరగదు.) ఆ రోజే మా ఆయన ఓడ సంగతి కనుక్కోవడానికి రేవుకు పోయినాడు. కొప్పులో పూలు పెట్టుకున్న ఒకామె అంగట్లోకొచ్చి, ఎర్రంచు చీర ఒకటి పట్టుకుని, నడుము దగ్గర తట్టి చూపిస్తూ "తమేన్, తమేన్" అనింది. పాపం, కడుపు చూపిస్తా ఉండాదే అనుకున్నాను. ఇంత మంచి పట్టు కట్టిన మనిషికి ఆకలేమిటని అనుమానమైతే వచ్చింది. కానీ అన్నమడిగినవాళ్ళను కారణమడగరాదు కదా. తెర వెనక పీట వేసి అన్నం, పప్పు, చెనిక్కాయలు నూరి చేసిన ఊరిబిండి వడ్డించినాను. ఆమె నన్నూ కంచాన్నీ మార్చి మార్చి చూసి, మళ్ళీ నడుము తట్టి "తమేన్" అనింది. ఇంకో గరిటె వేసినాను. అప్పటికి మా ఆయన వచ్చినాడు.

"ఏమ్మే, ఎవరీమె?"

"అన్నమడిగింది, పెట్టినా."

ఆమెతో బర్మా మాటల్లో ఏదో మాట్లాడి, నవ్వు ఆపుకోలేక గడపలోనే కూలబడినాడు. "తమిన్ అంటే అన్నం. తమేన్ అంటే వీళ్ళు నడుముకు చుట్టుకునే బట్ట. ఈ చీరను అంతమటుకు కోసిస్తారా అని అడుగుతా ఉండాది. తింటేనే మనం బట్ట అమ్ముతామేమో అనుకుని తింటాండాదంట."

నవ్వు ఆగినాక కత్తెర తీసినాడు, మళ్ళీ పెట్టేసినాడు. నేసేవాళ్ళ ఇంట పుట్టి నిండుచీరను రెండు చేయడానికి చెయ్యి రాలేదు. "నా వల్ల కాదు మే" అన్నాడు.

"మగ్గం మీదనే పొట్టిగా నేస్తే కోసే పనేముండాది?" అన్నాను నేను, ఊరిబిండి గిన్నె ఎత్తుతూ.

ఆయన నన్ను ఓడలో నుంచి అప్పుడే దిగినదాన్ని చూసినట్టు చూసినాడు.

కబురు మామకే పోయింది. సణుక్కుంటూనే సొంత చేతులతో నేసి పంపినాడు, ఎర్రంచు, మామిడి పిందెలు. పూలకొప్పామె తన చెల్లెళ్ళను పిలుచుకుని వచ్చింది. బట్ట ముట్టుకోకుండా ముగ్గురూ నేరుగా తెర వెనక్కొచ్చి కూర్చున్నారు. ఏం చేస్తాను, వడ్డించినాను. ఆ తర్వాత ఓడ మాట మా ఇంట్లో వినపడలేదు. రంగూను వీధిలో మా ధర్మవరం అంచు నడిచిపోతుంటే స్వామికి మనసులోనే దండం పెట్టుకునేదాన్ని. ఇక్కడ ధర్మవరంలో మామ అయితే అడగనివాళ్ళను కూడా నిలబెట్టి "మావోడు బర్మావోళ్ళకు బట్ట కట్టిస్తాండాడు" అని చెప్పుకున్నాడంట.

యుద్ధమొచ్చి అంతా వదిలేసి వచ్చినాం. ప్రాణాలతో తెచ్చినాడు స్వామి, అది చాలు. ఇప్పుడు ధర్మవరంలో మా ఇంటికి చీరలకని ఎవరొచ్చినా ముందు పీట వేస్తాను. "అత్తా, ఆమె చీరకొచ్చింది, అన్నానికి కాదు" అని కోడలు చెవిలో అరుస్తుంది. చెవులు బాగున్న రోజుల్లోనే ఆ రెండు మాటలకూ తేడా తెలియలేదు తల్లీ, ఇప్పుడేం తెలుస్తుంది? కంచం కడిగి తీసుకురా.