ఫారంలో గడి లేని పిల్ల

చల్లపల్లికి దగ్గర్లోని ఒక మండలంలో నేను ఎం.ఈ.ఓ.గా, అంటే మండల విద్యాశాఖాధికారిగా, చేరింది జూన్ నెలలో. విద్యాహక్కు చట్టం వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. చేరిన వారానికే బడి బయటి పిల్లల జాబితా నా టేబుల్ మీదికొచ్చింది. అందులో ఒక పేరు హరిణి. వచ్చే నెలకు పద్నాలుగు నిండుతాయి. బడి మానేసి నాలుగేళ్లు.

తండ్రి మాధవరావు గారు బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంపెనీలో ఇంజనీరుగా చేసేవారు. ఉద్యోగం మానేసి సొంతూరొచ్చి, కూతురికి ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నారు.

"మా అమ్మాయికి బడి అక్కర్లేదండీ," అన్నారు గుమ్మంలోనే.

ఫారంలో బడి మానడానికి కారణాల గడులున్నాయి: పని, వలస, పెళ్లి, అనారోగ్యం. ఇంటి చదువుకు గడి లేదు. పై ఆఫీసుకు ఫోన్ చేస్తే, పక్క బడి రిజిస్టర్లో పేరు రాయించి జాబితా మూసెయ్యమన్నారు. రాని పిల్లకు హాజరు వేయించడం నావల్ల కాదన్నాను. అయితే సంజాయిషీ ఇచ్చుకోవాలన్నారు. ఇస్తానన్నాను.

మర్నాడు ఉదయం వెళ్లి రెండు గంటలు ఆ అమ్మాయిని పరీక్షించాను. ఉక్తలేఖనం, ఇంగ్లీషు పేరా, బీజగణితం. కాలవలో నీటి వేగం ఎలా కొలవాలో నోట్‌బుక్‌లో బొమ్మ వేసి చూపించింది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఏమాత్రం తీసిపోదు. రిపోర్టు అక్కడే రాసేసి ఉండొచ్చు. కానీ నా ప్రశ్నల్లో సగానికి తండ్రే జవాబు అందించబోయారు. ఆయన్ని కాసేపు బయట కూర్చోమని, తల్లి ముందు హరిణినే అడిగాను, నీకేం కావాలని.

"పదో తరగతి పరీక్ష రాయాలి మేడమ్. పాలిటెక్నిక్‌కి సర్టిఫికెట్ అడుగుతారుగా. చెబితే, తను చెప్పిన చదువు నాకు చాల్లేదనుకుంటారు నాన్న," అంది. తల్లికీ ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఓపెన్ స్కూల్లో చేరితే ఇంట్లోంచే చదివి పది రాయొచ్చు. తల్లి సంతకం చాలు. కానీ ఆయనకు తెలియకుండా పెట్టనందావిడ. హరిణిని అడిగి, ఆయనకు నేనే చెప్పాను.

"మార్కుల కోసం కాదండీ నేను చదివించింది," అన్నారాయన.

"మీరు చదివించబట్టే రాయగలదండీ," అన్నాను.

ఓపెన్ స్కూల్లో చేరే గడువులోగా మరో మూడుసార్లు వెళ్లాను. చివరిసారి ఆయన నావైపు చూడలేదు. కూతుర్ని అడిగారు, "ఇన్నాళ్లూ నీకు బడికెళ్లాలనే ఉందా?"

"లేదు నాన్నా. చదువు నీ దగ్గరే బావుంది. పరీక్ష మాత్రం రాస్తాను."

ఆయన పెన్ను అడిగారు.

ఫారానికి రెండు పేజీల రిపోర్టు జతచేసి పంపాను. మెమో వచ్చింది. నా సంజాయిషీతో సహా అది సర్వీసు ఫైల్లో ఉండిపోయింది. హరిణి పాసై పాలిటెక్నిక్‌లో చేరింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంటి చదువు తనిఖీలో నాది ఒకటే పద్ధతి. పిల్లకు ఏం వచ్చో చదువు చెప్పేవాళ్ల ముందు చూడొచ్చు, ఏం కావాలో మాత్రం వాళ్లు లేకుండా విడిగా అడగాలి. అది అడక్కుండా ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టలేదు.