అక్కకు కలిపిచ్చిన పొడి

నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే సిద్దికా కాలి మీద ఒకరోజు మిరప బస్తాలు కూలాయి. గుంటూరులో ఆపరేషన్ చేశారు. విరిగిన ఎముక అతుక్కుంది గానీ కోసినచోట పుండు మానలేదు.

"ఏం తింటున్నావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ, రక్తపరీక్ష చూసి.

"అన్నం, పచ్చడండి. ఉంటే మజ్జిగ."

"ఒంట్లో మాంసకృత్తులు బాగా తగ్గిపోయాయి. అమైనో ఆమ్లాలుండే పొడి రాస్తున్నాను. కొత్త కండ పట్టడానికి సాయం చేస్తుంది. పుండు మానేదాకానే తాగు. గుడ్డు, పప్పు మాత్రం మానొద్దు."

భర్తలు పోయాక సిద్దికా, అక్క ఖుర్షిదా ఒకే ఇంట్లో ఉంటున్నారు. చెల్లెలికి మంచం మీదే అన్నీ చేసింది అక్క. ఎండలు మొదలయ్యేసరికి పుండు పూడింది. సిద్దికా నడిచి పనికెళ్ళింది. చూసినవాళ్ళంతా ఆశ్చర్యపోయారు.

ఖుర్షిదా మిరప కోతల్లో వంగి వంగి మోకాళ్ళు అరిగిన మనిషి. ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలు మింగుతూనే ఉంది. ఈమధ్య నీరసం.

"నీకు పనిచేసింది నాకు పనిచేయదా ఏంటే? నాకూ ఓ డబ్బా తేవే" అంది.

సిద్దికా సంతోషంగా తెచ్చింది. మందుల షాపులో ఎవరికని అడగలేదు. రోజూ పొద్దున్నే పాలల్లో కలిపి తనే ఇచ్చేది. "బలం వచ్చినట్టుందే" అనేది అక్క. కొన్నాళ్ళకి అన్నం సయించలేదు. వాంతులు మొదలయ్యాయి. పాదాలు ఉబ్బాయి. ఎండదెబ్బ అనుకున్నారు. అక్క చిక్కిపోతోందని సిద్దికా ఇంకో చెంచా ఎక్కువ వేసింది.

"వద్దే, నోరంతా చేదుగా ఉంది."

"తాగక్కా. నాకోసం తాగు."

అక్క తాగింది.

ఆస్పత్రిలో పరీక్ష చేస్తే కిడ్నీలు చాలావరకు పోయాయన్నారు. డయాలిసిస్ పెట్టారు. తొలకరి వానలు పడకముందే ఖుర్షిదా చనిపోయింది.

కొన్నాళ్ళ తర్వాత సిద్దికా, అక్కకు డయాలిసిస్ పెట్టిన డాక్టరు గారి దగ్గరికి వెళ్ళింది.

"నేనిచ్చిన పొడి వల్లే పోయిందాండీ?"

ఆయన పాత రిపోర్టు తీసి చూశారు. "నొప్పి మాత్రలతో కిడ్నీలు ముందే పాడై ఉండొచ్చమ్మా. మాంసకృత్తులు అరిగాక మిగిలే మలినాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలే. పాడైన కిడ్నీలకి ఆ పొడి అదనపు బరువు. మంచి కిడ్నీలున్న నీకు మేలు చేసింది. ఆమెకి ఇచ్చేముందు పరీక్ష చేయించాల్సింది."

"ఇవ్వకపోతే బతికేదా?"

"అది చెప్పలేను."

చెప్పలేనన్న మాటే సిద్దికాతో ఇంటికొచ్చింది. అవునన్నా ఏడ్చి ఊరుకునేది. కాదన్నా తేరుకునేది. పొయ్యి దగ్గర నిలబడితే వెనకనుంచి "వద్దే" అని వినిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. పాలు పోయించుకోవడం మానేసింది. వంట పొయ్యి వరండాలోకి మార్చుకుంది. అక్కడికీ వచ్చింది ఆ గొంతు.

మొన్న పనిలో పక్కన కూర్చునే సుబ్బరావమ్మ అడిగింది. "నీరసంగా ఉంటోంది. అప్పుడు నువ్వు తాగిన పొడి పేరేంటే?"

సిద్దికా చేతిలోని కాయలు కింద పడేసింది. "పేరడగొద్దు. ముందు రక్తపరీక్షకి పద."

"నాకేం రోగమే? బలానికేగా!"

"మా అక్కకీ బలానికే ఇచ్చా. లే."

మర్నాడు పని మానుకుని వెంటబెట్టుకెళ్ళింది. కిడ్నీలు బాగున్నాయి, రక్తం తక్కువైంది, అంతే. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, పొడి అక్కర్లేదు, సరిగ్గా తినమని చెప్పి పంపింది. ఆస్పత్రి మెట్లు దిగుతూ సుబ్బరావమ్మ నవ్వింది.

"చూశావా, ఊరికే భయపడ్డావు."

సిద్దికా నవ్వలేకపోయింది. అంత తేలిగ్గా తేలే పరీక్ష అది. పాలు కలిపిచ్చిన అన్ని పొద్దుల్లో ఒక్కనాడైనా అక్కను ఆ మెట్లెక్కించలేకపోయింది. ఆటో వచ్చి ఆగినా ఎక్కకుండా అక్కడే నిలబడిపోయింది.