కాశీలో వదిలినవి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మావారి ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదుకు మారింది. నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదులు అద్దెకు దొరికాయి. రెండేళ్లకు మా అత్తగారు మావారిని వెంటబెట్టుకుని కాశీ వెళ్లొచ్చారు. అక్కడ గంగలో మునిగి ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి వదిలిరావడం మావాళ్ల ఆనవాయితీ. ఇక జన్మలో వాటిని ముట్టరు.

ఆ చలికాలంలో గారెలు వండితే, "అవి కాశీలో వదిలేశానమ్మాయ్" అన్నారు. పెద్దావిడ, కాయతో పండుతో సరిపెట్టుకోలేదు కాబోలు అనుకున్నాను. శివరాత్రి వెళ్లాక రొట్టె, ఉగాదినాడు మామిడికాయ ముక్క, ఎండలు ముదిరేసరికి అన్నం ముద్ద, అన్నీ కాశీలోనే వదిలారట. మజ్జిగలో పిసికిన గుప్పెడు మెతుకులు మాత్రం తాగేవారు. ఆ నిష్ఠకు మనసులో మొక్కుకున్నాను. పక్కవాటావాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మా ఇంట్లో అంట్లు తోమే మనిషిది పాలమూరు వైపు పల్లె. ఒకరోజు తోముతూ తోముతూ ఆగింది.

"అమ్మా, మీ అత్తమ్మ తిన్నది తిన్నట్టే మోరికాడ కక్కుతున్నది. దినాం నేనే కడుగుతున్న. గది మొక్కు గాదు. మా నాయినకు గిట్లనే ముద్ద దిగకపోయేది. జర దవాఖానకు తోల్కపోన్రి."

మా ఆచారాలు నీకేం తెలుసని కసిరాను. ఆమె మళ్లీ గిన్నె అందుకుంది.

సాయంత్రం మావారిని అడిగాను, అమ్మ కాశీలో ఏమేం వదిలారని. సొరకాయ, జామపండు, అంతే, పక్కనే ఉన్నానుగా అన్నారాయన. అంట్లు తోమే ఆమె అన్నదంతా అప్పుడాయనకు చెప్పాను.

మర్నాడే ఆబిడ్స్ మీదుగా రిక్షాలో ఆసుపత్రికి వెళ్లాం. ఎప్పటినుంచి అని డాక్టరుగారు అడిగితే అత్తగారు తలవంచుకున్నారు. నేనే చెప్పాను, గారె ఎప్పుడు మానారో, రొట్టె ఎప్పుడో, ముద్ద ఎప్పుడో. పండగల వరసలో అన్నీ నాకు గుర్తే. అన్నం దిగే గొట్టంలో రాచపుండని తేలింది. గట్టి పదార్థం అడ్డుపడ్డప్పుడే రావలసింది, ఇప్పుడు కోతకు వీల్లేదు, పుండు మాడేలా కరెంటు పెడతామన్నారు.

తిరిగొస్తుంటే రిక్షాలో ఆవిడ మెల్లగా అన్నారు. "కొత్త ఊళ్లో వాడిచేత సెలవులు పెట్టించడమెందుకని చెప్పలేదే. గంగ పేరు చెప్పి అబద్ధమాడాను. పాపమంటావా?"

"నమ్మడం నాకూ సుఖంగానే ఉంది అత్తయ్యా. పాపముంటే చెరిసగం."

నవ్వబోయారు, దగ్గొచ్చింది.

కరెంటు పెట్టాక కొన్ని వారాలకు రాగిజావ దిగింది, ఆ తరవాత మెత్తటి పప్పన్నం. పది నెలలు బతికారు. ఆ పది నెలలూ దేవుడిచ్చినవే. ముందే వెళ్లుంటే ఇంకెన్ని ఇచ్చేవాడో.

అత్తగారి పన్నెండో రోజు వెళ్లాక, అంట్లు తోమే ఆమెకు చీర పెట్టి, ఆనాడు కసిరినందుకు తప్పయిందన్నాను. ఆమె చీర మడత విప్పకుండా ఒళ్లో పెట్టుకుంది.

"మా నాయినను మేం తోల్కపోనే లేదమ్మా. గందుకే జెప్పిన."