మా గట్టు, బావ మేకలు

మొన్న పొద్దున్నే గట్టు మీద నుంచి ఒకటే మోత. తేనెతుట్టె ఏదో కదిలిందేమోనని భయపడి బయటికి వచ్చి చూస్తే, మా పెద్దవాడు వీపుకు ఒక మిషను తగిలించుకుని, చెవులకు డిప్పలు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ఒంటరిగా ముళ్లకంప కోస్తున్నాడు. ఆ మిషను కొనన గిర్రున తిరిగే రేకు బిళ్ల తగిలితే చాలు, వేలెడు లావు కొమ్మలు కూడా అలా వాలిపోతున్నాయి. కాఫీ తీసుకుపోయి కిందనుంచి పిలిచాను, వినపడలేదు. చెయ్యి ఊపాను, చూడలేదు. చివరికి ఆ కాఫీ నేనే తాగి గట్టు కింద బండ మీద కూలబడ్డాను. కన్నకొడుకు పిలిస్తే పలకలేదన్నది కూడా మనసులో ఒక మూల దాచుకున్నాననుకోండి. పడ్డ మాటలు మరిచిపోలేని మనిషినని మా ఇంట్లో నాకు పేరు. పడ్డవాళ్లు కూడా మరిచిపోతే ఇక ఆ మాటలు ఎవరికి గుర్తుంటాయి?

మాది గుమ్మఘట్ట వైపు పల్లె. మా ఆయన వాళ్లు ఇద్దరన్నదమ్ములు. భాగాలు పంచుకున్న రోజున గట్టు కింద చదునుగా ఉన్న సదరపు చేనంతా మా బావకు, అంటే మా ఆయన అన్నకు, పోయింది. మాకు గట్టు మిగిలింది. మీలో మెట్ట సేద్యం చూసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, నిలబడితే కాలు జారే ఏటవాలు నేల అది, రాళ్లూ సర్కారు తుమ్మలూ తప్ప ఇంకేమీ లేనిది. ఆ తుమ్మలు కూడా ఊరికే పెరిగినవి కావు. పొత్తులో ఉన్నప్పుడు బావ ఆ గట్టును బొగ్గు కాల్చేవాళ్లకు ఇచ్చాడు. వాళ్లు వంగే ఓపిక లేక మోకాటి ఎత్తున నరుక్కుపోయారు. సర్కారు తుమ్మను అలా నరికితే చావదు, ఒక్కొక్క మొద్దుకు పది కొమ్మలు లేస్తాయి. ఆ పది కొమ్మలదే మా భాగం. పంపకం ముగిసి అందరూ లేస్తుండగా మా బావ తమ్ముడి భుజం తట్టి, "ఏమప్పా, పైనుండేవానికి గాలన్నా బాగా తగుల్తాది లే," అన్నాడు. మా ఆయన నవ్వేశాడు. నేను నవ్వలేదు. ఇరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ నవ్వు రాలేదు.

రెండువేలు దాటాక వరసగా కరువులు వచ్చిన ఏళ్లు మీకూ గుర్తుండే ఉంటాయి. మా పల్లెలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి, బస్సులన్నీ బెంగళూరు వైపే నిండిపోయేవి. మా ఆయన కూడా సంచి సర్దేదాకా వచ్చాడు. ఆ సమయంలోనే మెట్ట భూములకు సీతాఫలం మొక్కలు ఇస్తున్నారని తెలిసింది. ఆఫీసు నుంచి వచ్చిన మనిషి మాత్రం ఖండితంగా చెప్పాడు, తొలి వానలు పడ్డాక వచ్చి చూస్తాననీ, కంప తీసిన చోట గుంతలు తవ్వి ఉంటేనే మొక్కలనీ, లేకపోతే ఇంకొకరికనీ. మా ఆయన నాకొక్కటే మాట చెప్పాడు: "ఈ వానలకు గట్టు లొంగిందా, ఉందాం. లొంగలేదా, అన్నకే ఇచ్చేసి బెంగళూరు పోదాం." ఆ గట్టును మేకల మేతకు ఇమ్మని బావ అప్పటికే అడిగి ఉన్నాడు. గాలన్నా తగుల్తాది లే అన్న మనిషికే ఆ గాలిని కూడా అప్పగించి పోవడమంటే నా ప్రాణం ఒప్పుకోలేదు.

ఇక కంప తీసే దారి వెతికాం. ఊళ్లో తలా ఒక సలహా ఇచ్చారు. నిప్పు పెడితే ఒక్క పూటలో పని అయిపోతుందని మా ఆయన స్నేహితులు అన్నారు. మా అత్త ఒప్పుకోలేదు. ఆమె చిన్నతనంలో ఒక గుట్ట తగలబడటం కళ్లారా చూసిన మనిషి. "నిప్పు మిట్టకు పరిగెత్తుతాది, మనిషి పల్లానికి పరిగెత్తుతాడు, ఆర్పేదానికి యాడ కలుస్తార్రా?" అని అడిగింది. నిప్పు మాట అక్కడితో ఆగింది.

తర్వాత జేసీబీ అన్నారు. అవతల కన్నడ పల్లె నుంచి ఒకతను బండి తెచ్చి, గట్టు మొదట్లో నిలబడి పైకి కిందికి చూసి, "ఆగల్ల అమ్మా," అంటే కుదరదని, తల అడ్డంగా ఊపాడు. మా ఆయన బతిమాలితే, మెత్తగా ఉన్న కింది సగమైనా పెకలిస్తానని ఒప్పుకున్నాడు. అప్పుడు వద్దన్నది నేను. వేళ్లతో సహా పెకలిస్తే మన్నంతా వదులైపోతుంది, ఒక్క గట్టి వాన పడితే అది జారి ఎక్కడికి చేరుతుంది? కింద బావ చేనుకు! ఇచ్చిందే రాళ్ల భాగం, అందులో ఉన్న పిడికెడు మన్ను కూడా ఆయన చేనుకేనా? నేను బండికి అడ్డంగా నిలబడ్డాను. తర్వాత చాలామంది నన్ను తెలివిగలదానివని మెచ్చుకున్నారు. అది తెలివి కాదు, ఉక్రోషం. ఉక్రోషం కూడా ఒక్కోసారి నేలకు మేలు చేస్తుందని మీరు నమ్మాలి.

చివరికి చేతులతోనే మొదలుపెట్టాం. కింది నుంచి పైకి, అడ్డంగా పట్టీలు పట్టీలుగా, ఒక పట్టీ నరికి తర్వాతి పట్టీ అలాగే వదిలేస్తూ పోయాం. నరికిన కంపను అడ్డంగా పరిచి మీద రాళ్లు పెట్టేవాళ్లం, జారే మన్నును అది పట్టుకుంటుందని. మొద్దులను గడ్డపారతో తవ్వి, భూమి లోపలికి జానెడు దిగాక నరికేవాళ్లం, ఇక చిగురు వేయకుండా. మా ఆయన గొడ్డలి పట్టుకుంటే, నేను పంగలకర్రతో ముళ్లకొమ్మను వెనక్కి వంచి పట్టుకునేదాన్ని. నా చెయ్యి సడలితే ఆ కొమ్మ ఆయన మొహానికే కొడుతుంది. పెళ్లయిన కొత్తలో కూడా మేము అంత దగ్గరగా, అంత జాగ్రత్తగా మసలుకోలేదు. ఒకరోజు పంగలకర్ర ఆయన పట్టుకున్నాడు, ఏదో గుర్తొచ్చి నవ్వాడు, కొమ్మ వచ్చి నా చెంప గీరింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అద్దం చూసినప్పుడల్లా ఆయనకు చూపిస్తాను.

పట్టీలు తీసేసరికి ఎండలు ముదిరాయి. గుంతలు కూడా తవ్వాం. అప్పుడు మా బావ తనంతట తానే కబురు పెట్టాడు, గుంతలకు బలం కావాలి గదా, నా మంద రెండు రాత్రులు మీ గట్టున పెడతానని. మేకల మందను చేనులో పడుకోబెడితే ఆ పెంటికలే ఎరువు. మా వైపు ఒకరి చేనులో ఇంకొకరు ఊరికే మంద పెట్టారంటే అంతకంటే మర్యాద లేదు. భాగాలు పంచుకున్నాక ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి వచ్చిన మొదటి మంచిమాట అదే. నాకు అనుమానం పీకుతూనే ఉంది గానీ, మా అత్త కళ్లనీళ్లు పెట్టుకుని "వద్దనొద్దు మే," అంది. వద్దనలేదు.

తొలి వాన పడింది. గట్టు ఎక్కి చూశాను. మేకలు పడుకున్న చోటల్లా చిన్న చిన్న మొలకలు, ఎవరో నారు పోసినంత ఒత్తుగా. అన్నీ సర్కారు తుమ్మలే. ఎండాకాలమంతా ఆ మేకలు వంక ఒడ్డున రాలిన తుమ్మకాయలు తిన్నాయి. గింజ వాటి కడుపులో అరగదు. అది పెంటికతో పాటు పడి, వాన తగలగానే లేచింది. ఇది మాలో ఎవరికీ తెలియని సంగతి కాదు, మంద మర్యాద ముందు ఎవరికీ గుర్తు రాని సంగతి. ఆఫీసు మనిషి రావడానికి వారం కూడా లేదు. మా ఆయన మందు కొడదామన్నాడు. కొత్త గుంతల పక్కన అదేం మందని నేనూ, గడ్డి తినే పశువులున్నాయని అత్తా ఒప్పుకోలేదు. నేల తడిగా ఉన్నప్పుడు పీకితే వేరుతో సహా వస్తాయి, ఆరితే రావు. ముగ్గురం ఎంత పీకగలం?

నేను గుప్పెడు మొలకలు పట్టుకుని నేరుగా బావ ఇంటికి పోయాను. ఆయన సంగటి తింటున్నాడు.

"ఇదేంది బావా?"

"తుమ్మ మొలకలు. ఎప్పుడూ చూడ్లేదా?"

"గట్టు కావల్లంటే నోరు తెరిచి అడగల్ల గాని, ఇట్ల మంద పేరు జెప్పి తుమ్మలు విత్తుతారా ఎవరన్నా?"

ఆయన తినడం ఆపి చెయ్యి కడుక్కుని, "రామ్మా ఈడికి," అని తన చేను దగ్గరికి తీసుకుపోయాడు. మా గట్టుకు రాకముందు ఆ మంద అక్కడే పడుకుంది. అక్కడ కూడా అంతే ఒత్తుగా మొలకలు. "ఇవి గూడా నేనే దొంగసాటుగా విత్తుకుంటినా?" అన్నాడు.

నేను తగ్గలేదు. "నీది సదరపు చేను, గుంటక తోల్తే పోతాయి. నా గట్టుకు గుంటక యాడెక్కుతాది?"

ఆయన తల ఎత్తి గట్టు వైపు చూశాడు. తప్పయిందని మాత్రం అనలేదు, అది గమనించాలి.

మరునాడు తెల్లారేసరికి బావా, మా అక్కా, అంటే నా తోడికోడలు, గట్టు కింద నిలబడి ఉన్నారు. ఏటవాలులో పని చేసేటప్పుడు ఎవరూ ఎవరికీ పైన ఉండకూడదు, రాయి కదిలితే కిందివాళ్ల మీద పడుతుంది. అందుకే ఐదుగురం ఒకే వరసలో కూర్చున్నాం. బావ పెద్దరికం కొద్దీ నాలుగడుగులు పైకి పోయి కూర్చోబోయాడు. అప్పుడు మా అత్త తల ఎత్తకుండానే, "ఏమిరా, పైన గాలి బాగా తగుల్తాదనా?" అంది.

మొదట నవ్వింది మా అక్క. ఆపైన మా ఆయన, చివరికి బావ కూడా నవ్వి, దిగి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఆ మాటను మనసులో పెట్టుకున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. అత్త కూడా మోస్తోందని ఆ రోజే తెలిసింది. నా చేతిలో ఉన్న మొలక ఎంతసేపటికీ కనపడలేదు, కళ్లు అలా అలుక్కుపోయాయి.

నేల ఆరేలోగా పీకడం పూర్తయింది. దెప్పిపొడుచుకుంటూ, తిట్టుకుంటూ, అక్క తెచ్చిన రొట్టెలు తడిచేతులతోనే తింటూ పీకాం. ఆఫీసు మనిషి వచ్చి చూశాడు, మొక్కలు వచ్చాయి, మా ఆయన సంచి మళ్లీ అటక ఎక్కింది. చెట్లు కాపుకొచ్చాక ఏటా బావ ఇంటికి ఒక గంప పంపేదాన్ని. ఆయన ఒక పండు ఒలిచి నోట్లో వేసుకుని, "నా మేకల ఎరువు తిన్యాయి, ఈ మాత్రం తీపు లేకుండా ఉంటాదా?" అనేవాడు. మరి ఆ మొలకల సంగతి ఏమిటని అడిగితే, "మేకలేం జేస్తాయమ్మా, పక్షులు ఏసింటాయి," అనేవాడు. ఏటా అదే మాట, ఏటా నాకు అదే మంట.

ఇప్పుడు అత్త లేదు. బావ పోయి మూడు వానలయింది. మా వాడి మిషను పనిలో నాకు తప్పు పట్టడానికేమీ లేదు, చేతులు గీరుకుపోవు, నడుము పడిపోదు. అది నేల మీదికే కోస్తుంది, మొద్దు అలాగే ఉండిపోతుంది, మళ్లీ లేస్తుందిరా అంటే, "మళ్లీ కోస్తా లేమ్మా, అరపూట పని," అంటాడు. నిజమే, ఇప్పుడది అరపూట పనే. కాకపోతే ఒక్కడి పని. ఆ మోతలో ఎవరి పక్కనా ఎవరూ కూర్చోనక్కర లేదు, ఒక మాట అనడానికీ పడటానికీ వీలు లేదు.

పెట్రోలు పోసుకోవడానికి వాడు మిషను ఆపినప్పుడు గట్టంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నేను బండ మీద కూర్చునే, "మేకలదే తప్పు బావా," అన్నాను పైకి. పైన గాలి మాత్రం బాగానే వీస్తోంది. పక్షులు ఏసింటాయని అనే మనిషే లేడు.