తొమ్మిది వందలు మిగిలే ఉద్యోగం

విజయవాడలో మేం పనిచేసిన బస్సు డిపో గురించి ఈమధ్య ఎవరెవరో రాస్తున్నారు. డ్రైవర్లను అడిగారు, మెకానిక్కులను అడిగారు, క్యాంటీన్ నడిపినాయన్ని కూడా కూర్చోబెట్టి అడిగారు. పదకొండేళ్లు అక్కడ డ్యూటీ చార్టు రాసిన నన్ను మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఇక అడగరని తేలిపోయింది కాబట్టి నేనే రాస్తున్నాను.

రిటైర్ కావడానికి పదకొండేళ్ల ముందు, జూన్‌లో బడులు తెరిచే వారం, నన్ను ఆ డిపోకి ట్రాఫిక్ సూపర్‌వైజరుగా వేశారు. ఏ కండక్టరు ఏ బస్సుకి ఎన్నింటికి రావాలో వారం వారం రాసే పట్టికే చార్టు. తప్పు దొర్లితే డిపో అంతా నా బల్ల చుట్టూ మూగేది. సరిగ్గా ఉన్న వారం నన్ను పలకరించిన వాళ్లు లేరు.

కొత్త కండక్టర్లకు వారానికో రకం డ్యూటీ మారుతుండేది. ఒక వారం తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకి రావాలి. ఒక వారం రాత్రి పదకొండుకి దిగాలి. మరో వారం స్ప్లిట్ డ్యూటీ: పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు, నడిమధ్య ఖాళీకి జీతం లేదు. ఇవి కాక ఎనిమిదిన్నర నుంచి ఐదు దాకా నడిచే జనరల్ డ్యూటీలు మూడుండేవి. అవి సీనియర్లవి. ఏ రూలు పుస్తకంలోనూ లేదు గానీ, జనరల్ డ్యూటీ దొరకడమంటే డిపోలో పెద్దమనిషి అయినట్టు లెక్క.

నేను రిటైరయ్యే రోజులు దగ్గర పడుతుండగా ఒక సోమవారం సలోమి అనే కండక్టరు నా బల్ల మీద రాజీనామా పెట్టింది. ఆమె భర్త మా డిపోలోనే డ్రైవరు. అతను జబ్బు చేసి పోయాక కారుణ్య నియామకం కింద ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. పటమటలో ఒక గది అద్దెకు తీసుకుని, ఆరేళ్ల కూతురు జాయ్‌తో ఉండేది. రెండు వైపులా ఆదుకునే వాళ్లు లేరు. చేరి ఎనిమిది నెలలు కూడా కాలేదు.

పోయిన మనిషి పేరు మీద వచ్చిన ఉద్యోగం వదులుకుంటే మళ్లీ రాదమ్మా అన్నాను.

"వచ్చింది వచ్చినట్టే పోతోందండీ. లెక్క రాసుకొచ్చాను, మీరే చూడండి," అంది.

అది జాయ్ నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం. పైన చేతికొచ్చే జీతం. కింద తీసివేతలు. వేళకాని వేళల్లో పిల్లను చూసుకునే పక్కింటామెకు ఇచ్చేది. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక ఆటోకి ఇచ్చేది. ఊళ్లో మొదటి బస్సులో టికెట్లు కొట్టే మనిషికి, ఆ బస్సు దగ్గరికి రావడానికి బస్సుండదు మరి. స్ప్లిట్ వారం పొద్దున రావడానికీ, రాత్రి పోవడానికీ ఆటోయే కాబట్టి ఆ ఖర్చు రెట్టింపు. పక్కింటామె ఊరెళ్లిన రోజుల్లో డ్యూటీకి రాలేక కోత పడిన జీతం. ఇంట్లో ఉండి జాకెట్లు కుట్టి, ఫాల్స్ వేస్తే ఎంతొచ్చేదో అదీ తీసేసింది. చివర మిగిలింది తొమ్మిది వందల ఇరవై రూపాయలు.

"ఈ తొమ్మిది వందల కోసం పిల్లని నెలలో సగం రోజులు ఎవరింట్లోనో పడుకోబెట్టాలా సార్?"

రాజీనామా మీద నేను ముద్ర వేసి మేనేజరుకి పంపాలి. ముద్ర ఇంకు ఆరిపోయిందనీ, కొత్త సీసా వచ్చేదాకా ఆగమనీ చెప్పి, దాన్ని సొరుగులో పడేశాను. ఇంకు నిండుగా ఉంది. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆఫీసు పనిలో నేనాడిన అబద్ధం అదొక్కటే.

ఆ రాత్రి ఆమె కాగితాన్ని నా చార్టు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. జీతం నా చేతిలో లేదు. కానీ కింద ఉన్న తీసివేతలు ఒక్కొక్కటీ చూస్తే, ఆటో, పక్కింటామె, కోత, మూడూ నేను వేసిన వేళల్లోంచే పుట్టాయి. అందరికీ సమానంగా తిప్పుతున్నానని పదేళ్లుగా గర్వపడ్డ చార్టు అది.

ఆమెకు జనరల్ డ్యూటీ కావాలి. అంటే ఒక సీనియరు వదులుకోవాలి. ముగ్గురిలో ఇద్దరు నా మాట పూర్తికాకుండానే లేచిపోయారు. మిగిలింది కోటేశ్వరరావు. ఆయన ఒకప్పుడు విశ్రాంతి గదిలో పదిమంది ముందు, జీవితంలో ఒక్క టికెట్ కొట్టనివాడు మనకి చార్టు రాస్తున్నాడని నన్ను అన్నాడు. ఆ రోజు గదిలో ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. అయినా వెళ్లాను.

సంగతంతా విని ఆయన తాపీగా టీ తాగాడు.

"నాకు జనరల్ అంటే మొదటినుంచీ గిట్టదండీ," అన్నాడు. "ఆ కాలేజీ పిల్లలు, ఆ తోపులాట, ఆ ఎండ. నాకు దివిసీమ నైట్ అవుట్ కావాలి."

నైట్ అవుట్ అంటే సాయంత్రం బస్సుతో పల్లెకి వెళ్లి, రాత్రి అక్కడే ఉండి, తెల్లారి తిరిగి రావడం. దానికి విడిగా అలవెన్సు ఉంటుంది. కుర్రాళ్లు ఏడుస్తూ వెళ్లే డ్యూటీ అది.

"చల్లగాలి, డాబా మీద మంచం, పొద్దున్నే వలలోంచి తీసిన చేపలు. పైగా అలవెన్సు. ఇంతకంటే ఏం కావాలండీ?"

మరి ఇన్నేళ్లూ అడగలేదేమన్నాను.

"ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు పెట్టుకుని నైట్ అవుట్ అడిగితే, కోటేశ్వరరావు పనైపోయిందనరూ? అయినా నేను అడగలేదు సరే, మీరెప్పుడైనా అడిగారా? మీ చార్టులో నంబర్లే గానీ మనుషులెక్కడున్నారు?"

ఈ మాట కూడా మర్చిపోలేదు. కాకపోతే ఇది నిజం.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. తను అడిగినట్టు ఉండకూడదు, ఆఫీసు వేసినట్టు ఉండాలి. 'డిపో అవసరాల దృష్ట్యా' అని రాసి ఇద్దరి డ్యూటీలూ మార్చాను. మేనేజరు సంతకం పెడుతూ, చార్టు గుమాస్తావి, సంక్షేమ శాఖ ఎప్పుడు తెరిచావయ్యా అన్నాడు. సంస్థకి పైసా ఖర్చు లేదు కాబట్టి పెట్టాడు.

రెండు నెలల తర్వాత సలోమి కొత్త కాగితం తెచ్చింది. ఆటో వరసలో సున్నా, స్టాఫ్ పాసు మీద సిటీ బస్సులోనే వస్తోంది. కోత వరసలో సున్నా. పక్కింటామె ఇప్పుడు బడి వదిలాక రెండు గంటలే చూస్తోంది కాబట్టి అదీ సగానికి సగం తగ్గింది. చివర మిగిలిన అంకె కింద రెండు గీతలు గీసింది. అది ఎంతో రాయను, ఆవిడ సొంత విషయం. తొమ్మిది వందలకు చాలా రెట్లు ఎక్కువ.

"సార్, ఇంకు సీసా వచ్చిందా?" అంది, నవ్వాపుకుంటూ.

రాజీనామా తీసి ఇచ్చాను. చింపబోయింది. ఆఫీసులో ఇచ్చిన కాగితం చింపకూడదని, 'ఉపసంహరించుకున్నాను' అని రాయించి సంతకం తీసుకున్నాను.

ఒక శనివారం వేళలు పరిశీలించడానికి పటమటలో ఇబ్రహీంపట్నం బస్సు ఎక్కాను. ముందు సీట్లో బడి బట్టలతో జాయ్. సలోమి టికెట్, టికెట్ అంటూ వచ్చింది. ఆ పిల్ల నోటు చాచి, "ఒక హాఫ్ అండీ" అంది.

"ఎక్కడిదాకా?"

"ఇబ్రహీంపట్నం వెళ్లి, మళ్లీ మా ఇంటిదాకా."

"చిల్లర లేదమ్మా. దిగిపోతావా?"

"పర్లేదండీ, మిగతాది ఇంటికెళ్లాక ఇచ్చేయండి."

బస్సంతా నవ్వింది. డ్యూటీలో ఉండగా నేను నవ్వడం కూడా ఆ ఒక్కసారే.

ఒంటరిగా బిడ్డను పెంచే మనిషికి ఉద్యోగం గిట్టుబాటవుతుందా అని అడిగేవాళ్లు జీతం ఎంతని చూస్తారు. ఎన్నింటికి రమ్మన్నారో ముందు చూడాలని నేను నేర్చుకున్నాను. అదే జీతం ఒక వేళకి గిట్టదు, ఇంకో వేళకి గిడుతుంది.

ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న సిబ్బందికి జనరల్ డ్యూటీల్లో మొదటి అవకాశం ఇవ్వమనీ, ఏ డ్యూటీ కావాలో సీనియర్లను ఏడాదికోసారి కాగితం మీద అడగమనీ ప్రాంతీయ కార్యాలయానికి పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికి రసీదు వచ్చింది, అదీ వేరే వాళ్ల పేరు మీద. హాజరు మెరుగైందని మా మేనేజరుకి సభ పెట్టి శాలువా కప్పారు. ఆ సభలో నాదాకా వచ్చేసరికి టీ అయిపోయింది.

నాకు శాలువా అక్కర్లేదు. పైసా ఖర్చు లేకుండా సలోమికి చేసింది మిగతా వాళ్లకి ఎందుకు చేయరు? ప్రాంతీయ కార్యాలయం వారూ, చేస్తారా, చేయరా, ఒక్క ముక్క రాయండి. నా చిరునామా ఆ పదకొండు ఉత్తరాల మీదా ఉంది. ఈసారి పేరు సరిచూసుకుని మరీ పంపండి.